నమోదు కాని తప్పు

ఇన్‌స్పెక్టరు నాకంటే ముందే వచ్చి కూర్చున్నాడు. అతనెప్పుడూ అంతే. మా మామగారింటికి అల్లుడిగా నా తర్వాత రెండేళ్ళకు వచ్చాడు, అత్తగారి మనసులోకి మాత్రం నాకంటే ముందే దూరిపోయాడు. పెద్దల్లుడినైన నాకు ఒక అద్దె గది, దాని తలుపు మీద ప్రైవేటు డిటెక్టివ్ అని ఒక బోర్డు. చిన్నల్లుడికి భుజాల మీద నక్షత్రాలు, కింద జీపు. తోడల్లుళ్ళిద్దరూ అన్నదమ్ముల్లా ఉండండని మామగారు దీవించారు. అలాగే ఉన్నాం, ఆస్తి పంచుకునే రోజు అన్నదమ్ముల్లా.

గోడ మీద గడియారం రెండూ నలభై చూపిస్తోంది.

“రండన్నయ్యా,” అన్నాడు కుర్చీలోంచి లేవకుండానే. “మీకెందుకు శ్రమ అని మొత్తం నేనే తేల్చేశాను. ఐదింటికి ఆవిణ్ణి స్టేషనుకు తీసుకెళ్తున్నా.”

ఆవిడంటే ఆ మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ ఆఫీసులో అందరూ ‘మెరుపు’ అని పిలిచే టైపిస్టు. డాక్టర్లు రోగిని చూసి రికార్డరులో చెప్పేసిన మాటలు ఈ హాలుకు వస్తాయి. ఇక్కడ ముప్ఫైమంది హెడ్‌ఫోన్లు తగిలించుకుని, కాలికింద పెడల్‌తో ఆ గొంతును ఆపుతూ నడుపుతూ టైపు చేస్తారు. వీళ్ళు కొట్టిన కాగితం చూసే నర్సు మందిస్తుంది, ఇంటికెళ్ళాక ఇంట్లోవాళ్ళు ఇస్తారు. మూడో తారీఖు పొద్దున్న 10:42కి మెరుపు కొట్టిన ఒక డిశ్చార్జి కాగితంలో, రిటైరైన బస్సు డ్రైవరు ఒకాయనకు గుండె మాత్ర రోజుకు 0.25 మిల్లీగ్రాములు అని ఉంది. రికార్డులో డాక్టరు చెప్పింది 0.125. సరిగ్గా రెట్టింపు. కిడ్నీలు అంతంతమాత్రంగా ఉన్న మనిషి. పద్నాలుగో తారీఖున ప్రాణం పోయింది. ఇవాళ పదహారు.

మెరుపు పొద్దున్నే నా గదికి వచ్చింది. ఏడవలేదు, బతిమాలలేదు. “నేను చేసుంటే జైలుకు పోతాను సార్. చేశానో లేదో మాత్రం నాకు తెలియాలి,” అంది. తర్వాత ఆగి, ఎనిమిదేళ్ళ కూతురు ఐదున్నరకు స్కూలు బస్సు దిగుతుందని, తను లేకపోతే వీధి చివర నిలబడడానికి ఎవరూ లేరని చెప్పింది. భర్త ఓడ మీద ఉద్యోగంలో ఉన్నాడు.

ఆ కేసు నేను ఒప్పుకున్నది ఆమె కోసమని రాసుకుంటే బాగుంటుంది. నిజం చెప్పాలంటే, అవతల దర్యాప్తు చేస్తున్నది మా తోడల్లుడని విన్న క్షణంలోనే ఒప్పేసుకున్నాను.

ముందు ఆమె సీటు చూశాను. అరిగిన కీబోర్డు, పక్కన నీళ్ళ సీసా, కింద పెడల్. స్క్రీనుకు తాళం వేసే అలవాటు ఆ హాల్లో ఒక్కరికీ లేదు. వేస్తే రికార్డింగు మళ్ళీ మొదటి నుంచి తెరుచుకుంటుంది, ఐదు నిమిషాలు పోతాయి. అందుకని భోజనానికి పోయినా, ఫోను మాట్లాడడానికి పోయినా మెషీన్లు కళ్ళు తెరుచుకునే ఉంటాయి.

మెరుపు వేగం వేళ్ళలో లేదు, షార్ట్‌కట్లలో ఉంది. మూడు నాలుగు అక్షరాలు కొడితే ఒక పూర్తి వాక్యం, మందు పేరు, కొలత, యూనిటుతో సహా వచ్చి పడుతుంది. తొమ్మిదేళ్ళలో నాలుగువేల షార్ట్‌కట్లు పోగేసింది. తేలిగ్గా గుర్తుండాలని ఇంట్లో పేర్లే పెట్టుకుంది. ఆ గుండె మాత్ర చిన్న డోసుకు కూతురి ముద్దుపేరు ‘బుజ్జులు’, పెద్ద డోసుకు మొగుడి ముద్దుపేరు ‘బండోడు’. చెప్పేటప్పుడు కాస్త సిగ్గుపడింది.

“మరి చిన్న డోసు కొట్టాక తెర మీద ఏం పడిందో చూసుకోలేదా?” అని అడిగాను.

“చెవి ముందు పోతుంది సార్, చెయ్యి దాని వెనకాల పోతుంది. ‘బుజ్జులు’ అని కొట్టానంటే ఏం వస్తుందో నాకు తెలుసు. తెలిసినదాన్ని ఎవరు చూస్తారు?”

ఇక్కడే మా తోడల్లుడు గొంతు సవరించుకున్నాడు. ఆ ప్రోగ్రాములో ప్రతి షార్ట్‌కట్‌కూ ఒక చరిత్ర ఉంటుందట, ఎవరి లాగిన్‌తో ఎప్పుడు మారిందో చూపిస్తుందట. ‘బుజ్జులు’ చరిత్ర అతను ప్రింటు తీసి పెట్టుకున్నాడు. రెండో తారీఖు మధ్యాహ్నం 1:12కి 0.125 కాస్తా 0.25 అయింది. మూడో తారీఖు మధ్యాహ్నం 1:09కి తిరిగి 0.125 అయింది. రెండుసార్లూ లాగిన్ మెరుపుదే.

“అర్థమైంది కదా అన్నయ్యా? ఏదో సర్దుకుంటూ పొరపాటున మార్చింది. మర్నాడు చూసుకుని నాలిక్కరుచుకుని దిద్దుకుంది. ఈలోపు ఒక కాగితం వెళ్ళిపోయిందని తెలిసి కూడా నోరు మూసుకుంది. పొరపాటైతే జాలిపడేవాణ్ణి. దాచింది, అదీ నా బాధ.”

ఆ రెండుసార్లూ తను పై అంతస్తులో అన్నం తింటున్నానని మెరుపు అంటోంది. చూసినవాళ్ళు లేరు. మా వాడి వాదనలో సన్నటి చీలిక కూడా కనబడలేదు. లోపల భగ్గుమంది. ఆ ప్రింటు కాగితం నాకు మొదట దొరికి ఉంటే, ఇదే మాట నేను ఇంతకంటే గొప్పగా చెప్పి ఉండేవాణ్ణి.

గోడకు రెండు బోర్డులు ఉన్నాయి. ఒకటి టైపిస్టుల ర్యాంకుల బోర్డు. ముప్పై ఒక్క నెలలుగా మొదటి స్థానంలో మెరుపు, అన్ని నెలలూ రెండో స్థానంలో ఒకే కుర్రాడు. అతన్ని హాల్లో ‘రెండో నంబరు’ అనే పిలుస్తారు, పాపం అదే పేరైపోయింది. రెండోది కొలతలు రాసే నియమాల పట్టిక. పాయింటుకు ముందు అంకె లేకపోతే సున్నా పెట్టాలి. పాయింటు తర్వాత వట్టి సున్నా పెట్టకూడదు. అంకెకూ యూనిటుకూ మధ్య ఖాళీ వదలాలి. వినబడని కొలతను ఊహించి రాయకూడదు, ఖాళీ వదిలి రికార్డింగు ఎన్నో నిమిషమో రాయాలి.

ఆ పట్టిక రాసినావిడ నా వెనకే నిలబడి ఉంది. పెద్ద ఎడిటరు. చేతిలో ఎర్ర పెన్ను. ఆవిణ్ణి ఎదురుగా మేడం అనీ, చాటుగా సున్నా మేడం అనీ అంటారు. టైపిస్టులు కొట్టిన కాగితం ఆసుపత్రికి పోయే ముందు ఆవిడ రికార్డింగుతో పోల్చి చూస్తుంది, దిద్దుతుంది, ఎవరి తప్పు వాళ్ళ పేరున తప్పుల పట్టికలో ఎక్కిస్తుంది. సున్నా మరిచినా సగం మార్కు కోత. కన్నకొడుకు తప్పు చేసినా వదలదని ఆ హాల్లో చెప్పుకుంటారు.

“మరి ఆ బస్సు డ్రైవరు కాగితం మీ కంటికెలా తప్పింది మేడం?” అన్నాను.

“నా కంటిదాకా వస్తే కదండీ,” అంది. మూడో తారీఖు పొద్దున్న తొమ్మిదింటికి మేనేజరు ఒక మెయిలు పెట్టాడట. మెరుపు పని అంత నిక్కచ్చిగా ఉంటుంది కాబట్టి, ఇకమీదట ఆమె కాగితాలను ఎవరూ చూడనక్కర్లేదని, తిన్నగా ఆసుపత్రికి పంపేయవచ్చని. ఆ ఆఫీసులో అంతకుముందు ఎవరికీ దక్కని గౌరవం. మేడం డ్యూటీకి వచ్చేది పదకొండింటికి. అప్పటికే పదీ నలభై రెండు దాటిపోయింది.

ఆవిడ ఇదంతా చెబుతూ మెరుపు వైపు చూడలేదు. అది నేను గమనించాను గానీ, గమనించానని అప్పుడు నాకే తెలియదు.

నా కళ్ళన్నీ రెండో నంబరు మీద ఉన్నాయి. అతని వెనక నిలబడ్డాను. వేళ్ళు ఆడుతున్నాయి, నాలుగు అక్షరాలకో వాక్యం దబదబ పడుతోంది. చాలాసేపు చూశాను. ఒకచోట అతని వేళ్ళు కొట్టిన అక్షరాలు చదివేసరికి నవ్వొచ్చింది.

“నీకు పెళ్ళయిందా బాబూ?”

కాలేదన్నాడు.

“మరి ‘బండోడు’ ఎవరు?”

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు అతని చెయ్యి జేబు మీదికి పోయింది. జేబులో పెన్‌డ్రైవు. రెండో తారీఖు సాయంత్రం ఐదింటికి మెరుపు ఇంటికెళ్ళగానే ఆమె సీట్లో కూర్చుని జాబితా మొత్తం కాపీ చేసుకున్నానని రెండు నిమిషాల్లో కక్కేశాడు. మర్నాటి నుంచి అవే వాడుతున్నాడు.

“ముప్పై ఒక్క నెలలు సార్. బోర్డు వైపు చూడకుండా మంచినీళ్ళకు కూడా పోలేను, అటే ఉంది. ఆవిడ నాకంటే తెలివైనదేం కాదు. ఆ జాబితా ఉంది, అంతే. అది నా దగ్గరుంటే నేనే ఆవిణ్ణి.”

పెన్‌డ్రైవు పెట్టి చూశాం. అందులో ‘బుజ్జులు’ 0.25గానే ఉంది. రెండో తారీఖు సాయంత్రం కాపీ చేశాడు కాబట్టి, మధ్యాహ్నం చేరిన తప్పు అలాగే ఉండిపోయింది. మర్నాడు మెరుపు మెషీన్లో దిద్దిన దిద్దుబాటు ఇందులోకి రాలేదు.

మా తోడల్లుడి మొహం వెలిగింది. వెంటనే ఆ కుర్రాడు రెండు వారాల్లో కొట్టిన కాగితాలు తెప్పించాడు. ఆ మాత్ర ఉన్నవి మూడు. ఆసుపత్రికి వెళ్ళిన మూడింట్లోనూ 0.125 అని సరిగ్గానే ఉంది.

“చూశారా? జాబితాలో తప్పుంది, కాగితంలో లేదు. అంటే తప్పుందని వీడికి తెలుసు, జాగ్రత్తపడ్డాడు. తెలిసిందంటే మార్చింది వీడే. పాపం ఆవిణ్ణి అనవసరంగా అనుమానించాను. పోన్లెండన్నయ్యా, మీరు వచ్చినందుకు పెన్‌డ్రైవన్నా దొరికింది.”

నా కేసు నా చేతిలోంచి లాక్కుని, ముడి విప్పి, నాకే దానం చేస్తున్నాడు. గడియారంలో నాలుగూ ఐదు. రెండో నంబరు కుర్చీలో ముడుచుకుపోయాడు. మా వాడి మాట నేను ఒప్పుకుంటే మెరుపు ఇంటికి పోతుంది, నేను పెట్టుకున్న పని అయిపోతుంది. అయినా మనసొప్పలేదు. ఆ కుర్రాడిలో నేను కనబడుతున్నాను, అదే చిక్కు. రెండో స్థానంలో ఉన్నవాడి కడుపుమంట నాకు బాగా తెలుసు. మొదటివాడు పడిపోవాలని కోరుకుంటాం, అంతకంటే ముందు వాడి సొత్తు మనదవ్వాలని కోరుకుంటాం. దొంగిలించి తను తాగబోయే నీళ్ళలో ఎవడూ విషం కలపడు. మా వాడికి ఇది తట్టకపోవడం న్యాయమే. పుట్టి బుద్ధెరిగాక ఏనాడైనా రెండో స్థానంలో ఉంటే కదా.

“ఈ మూడు కాగితాలూ పెద్ద ఎడిటరు చూశాక పోయినవి కదా,” అన్నాను ఆ కాగితాలు తెచ్చిన మేనేజరుతో. “చూడకముందు ఎలా ఉన్నాయో దొరుకుతాయా?”

దొరుకుతాయన్నాడు. టైపిస్టు కొట్టింది ఒక ప్రతి, ఎడిటరు దిద్దింది ఒక ప్రతి, రెండూ దాస్తారు. తెరిచాడు. మూడో తారీఖు సాయంత్రం కొట్టిన ప్రతిలో 0.25. ఐదో తారీఖుది 0.25. తొమ్మిదిదీ అంతే. కుర్రాడు జాగ్రత్తా పడలేదు, మన్నూ పడలేదు. తప్పు తప్పుగానే కొట్టాడు. మూడింటినీ 0.125గా దిద్దింది సున్నా మేడం.

“ఆవిడ పని అదే కదండీ,” అన్నాడు ఇన్‌స్పెక్టరు.

“అదే. ఇప్పుడు ఈ కుర్రాడి తప్పుల పట్టిక ఇవ్వండి.”

ఐదో తారీఖు కాగితానికి ఎదురుగా ఒక్క తప్పు రాసి ఉంది. చర్మం మీద పుండు కొలత .5 సెంటీమీటరు అని కొట్టాడట, పాయింటు ముందు సున్నా లేదు, సగం మార్కు కోత. అదే కాగితంలో నాలుగు వరుసల కింద ప్రాణం తీసే రెట్టింపు డోసు. దాన్ని దిద్దారు, పట్టికలో ఎక్కించలేదు. మూడో తారీఖునా ఎక్కించలేదు, తొమ్మిదినా ఎక్కించలేదు. నేను మరోసారి చదువుకుని, కాగితాన్ని మా తోడల్లుడి ముందుకు తోశాను. అతను చదివాడు. ఏమీ అనలేదు. ఆ మౌనం కోసం ఏడేళ్ళుగా ఎదురు చూస్తున్నాను.

రెండో నంబరును ఒకటే అడిగాను. రెండో తారీఖు మధ్యాహ్నం మెరుపు సీట్లో ఎవరు కూర్చున్నారని. పొద్దుట ఇన్‌స్పెక్టరు అడిగితే ఎవరూ లేరని చెప్పాడు. ఇప్పుడూ అదే చెప్పబోయి ఆగాడు. “మేడం కూర్చున్నారు సార్. కానీ మేడం అందరి సీట్లలోనూ కూర్చుంటారు కదా.”

ఆవిణ్ణి మేనేజరు గదిలోకి పిలిచాం. మెరుపును కూడా ఉండమన్నాను. ఐదో తారీఖు కాగితం, తప్పుల పట్టిక పక్కపక్కన పెట్టాను. ఆవిడ అలవాటుగా ఎర్ర పెన్ను మూత తీసి, చదివి, మళ్ళీ మూత పెట్టింది.

“సగం మార్కు తప్పును పట్టికలో రాశారు. మనిషిని చంపే తప్పును రాయలేదు. ఎందుకు మేడం?”

“మర్చిపోయానేమో.”

“మూడుసార్లా?”

ఆవిడ పెన్ను బల్ల మీద పెట్టింది. రాస్తే పట్టిక మేనేజరు చూస్తాడు, ఇద్దరు టైపిస్టులకు ఒకే మందులో ఒకే తప్పు ఎలా వచ్చిందని తవ్వుతాడు, తవ్వితే రెండో తారీఖు దగ్గర తేలుతుంది. అది నేనే చెప్పాను. ఆవిడ తలూపలేదు, కాదనలేదు. తర్వాత నా వైపు కాదు, మెరుపు వైపు తిరిగింది.

“ఆ జాబితాలో మొదటి వెయ్యీ నావి. ఏమీ రాకుండా వచ్చావు, జాలిపడి ఇచ్చాను. ఏనాడైనా ఒక్కరికైనా చెప్పావా అవి నావని? బోర్డు మీద నీ పేరు, మెయిలులో నీ పేరు. నేనేమో నీ కాగితాలు దిద్దుతూ కూర్చున్నాను.”

మెరుపు వెనక్కి జరిగింది.

“చంపాలనుకోలేదు,” అంది ఆవిడ ఈసారి మాతో. “ఎలాగూ కాగితం నా బల్ల మీదికే వస్తుంది. నేనే పట్టుకుంటాను, తప్పు మెరుపు పేరున పడుతుంది, మందు ఎవరి నోట్లోకీ పోదు. అంతవరకే అనుకున్నాను. మర్నాడు పదకొండింటికి వచ్చేసరికి ఆ మెయిలు. దాని కాగితాలు ఇక నా దగ్గరికి రావట. భోజనాల వేళ కూర్చుని మళ్ళీ సరిచేశాను. ఈ కుర్రాడి కాగితంలో అదే తప్పు కనిపించినప్పుడు నాకు దెయ్యాన్ని చూసినట్టయింది.”

“ఆసుపత్రికి ఒక్క ఫోను చేస్తే ఆయన బతికేవాడు. పదకొండు రోజులు టైముంది.”

“చేస్తే నీకెలా తెలిసిందని అడుగుతారు కదండీ.”

అసూయ అంటే ఏమిటో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. కానీ ఆ మాట విన్నాక నా వంట్లో కూడా ఉన్నది అదేనా అని మొదటిసారి భయం వేసింది.

మెరుపు గోడకు ఆనుకుని తన రెండు అరచేతులూ చూసుకుంటోంది. “అయితే నా చేతులు కాదు కదా సార్?” అంది మెల్లగా. కాదన్నాను. అప్పుడు ఏడ్చింది.

నాలుగూ నలభై. నేను కుర్చీలో వెనక్కి వాలాను. మా అత్తగారి ముందు ఈ కథ ఎక్కడ మొదలుపెట్టాలో, సగం మార్కు దగ్గర ఎంతసేపు ఆపాలో మనసులో కూర్చుకుంటున్నాను. అసలు ఇన్‌స్పెక్టరు మొహం చూడడానికే అటు తిరిగాను. అతను నన్ను చూడడం లేదు. నా గెలుపును గుర్తించినట్టు కూడా లేడు. ఆవిడ ముందుకు వంగి, ఎప్పుడూ లేనంత నెమ్మదిగా అడిగాడు.

“మీరు మొత్తం ఎన్ని మార్చారు మేడం?”

మేం చరిత్ర తీసి చూసింది ఒక్క షార్ట్‌కట్‌దే. ఆ ప్రశ్న నేను అడగాల్సింది. గెలిచిన సంబరంలో నాకు తట్టలేదు.

“మూడు,” అంది ఆవిడ. “ఒక్క తప్పుకు ఎవరి స్థానమూ పోదు సార్. నెలలో మూడు పడాలి. మర్నాడు మూడూ సరిచేసేశాను.”

ఆ ఇరవై నాలుగు గంటల్లో మెరుపు కొట్టినవి, ఎవరూ చూడకుండా ఆసుపత్రికి వెళ్ళినవి ఎన్ని? కళ్ళు తుడుచుకోకుండానే ఆమె మేనేజరు మెషీను ముందు కూర్చుంది. మిగతా రెండూ ఏవో ఆవిడ చెప్పింది. మెరుపు ఒకదాన్ని వెతికింది. ఆ పొద్దున్న వాడనే లేదు. ఇంకోదాన్ని వెతికింది. ఆమె వేళ్ళు ఆగిపోయాయి.

“ఇది వాడాను,” అంది. “మూడో తారీఖు పొద్దున్న తొమ్మిదీ యాభైకి. ఫిట్స్ మందు. రెండున్నర మిల్లీలీటర్లు అని చెప్పారు, కాగితంలో ఐదు వెళ్ళింది. ఆరేళ్ళ పాప సార్. రోజుకు రెండుసార్లు, నెలరోజులు.”

పదమూడు రోజులైంది. మా తోడల్లుడు అప్పటికే ఆసుపత్రికి ఫోను కలిపి, ఇంకో చేత్తో జీపు తాళాలు తీస్తూ గుమ్మం దాటేశాడు. నేను పాప పేరు, ఇంటి చిరునామా చేతి మీదే రాసుకుని అతని వెనకాలే పరుగెత్తాను.